నల్లగొండ క్లినిక్‌లో ఆరడుగుల అక్వేరియం: కరెంటు పోయినా వచ్చినా నేల తడవని ఓవర్‌ఫ్లో

నల్లగొండ పట్టణంలో ఒక దంత వైద్యశాల. కింది అంతస్తులో రోగులు కూర్చునే హాలుకూ రిసెప్షన్‌కూ మధ్య గోడకు బదులు పెద్ద అక్వేరియం ఉండాలని డాక్టర్ దంపతుల కోరిక. ఆరడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు. అంచుదాకా నింపితే సుమారు 850 లీటర్లు. పొడవాటి వైపులు రెండూ జనానికి కనిపిస్తాయి. ఒక చివర మాత్రమే గోడ దగ్గరగా ఉంటుంది కాబట్టి పైపులన్నీ అక్కడి నుంచే దిగాలి.

వాళ్లు నన్ను పిలిపించడానికి అసలు కారణం చేపల మీది ఇష్టం కన్నా నీళ్ల భయం. అదే చోట అంతకుముందు నాలుగడుగుల ట్యాంకు ఉండేది. దానికి అద్దం అంచుకు తగిలించే రకం ఓవర్‌ఫ్లో పెట్టె బిగించారు. ఓవర్‌ఫ్లో అంటే ట్యాంకులో పైకి వచ్చిన నీటిని కిందనున్న ఫిల్టర్ తొట్టిలోకి, అంటే సంప్‌లోకి, దించే దారి. అక్కడి నుంచి పంపు నీటిని తిరిగి పైకి తోస్తుంది. ఒక రాత్రి కరెంటు పోయి, కొంతసేపటికి తిరిగి వచ్చింది. పొద్దున తలుపు తీసేసరికి హాలంతా నీళ్లు. కేసు షీట్లు ఉన్న చెక్క బీరువా అడుగు ఉబ్బిపోయింది. ఆ పెట్టెను పరిశీలిస్తే విషయం అర్థమైంది. ట్యాంకులోని నీటిని యు ఆకారపు గొట్టం సైఫన్ ద్వారా బయటి పెట్టెలోకి లాగుతుంది. గొట్టం నిండా నీరున్నంతసేపే సైఫన్ పనిచేస్తుంది, గాలి చొరబడితే తెగుతుంది. పంపు తిరుగుతున్నంతసేపు ఇబ్బంది లేదు. బయటి పెట్టె అతుకు ఒకచోట సన్నగా కారుతోంది. పంపు ఆగినప్పుడు అందులో నీటి మట్టం మెల్లగా తగ్గి, గొట్టం కొస గాలిలో తేలింది. సైఫన్ తెగింది. కరెంటు వచ్చాక పంపు యథాప్రకారం నీటిని పైకి తోసింది, కిందికి దిగే దారి మాత్రం లేదు.

అతుకు కారకపోయినా ఈ రకం మీద నాకు నమ్మకం లేదు. గొట్టం వంపులో బుడగలు రోజూ కొద్దికొద్దిగా పోగవుతూనే ఉంటాయి. ఎప్పుడో ఒకప్పుడు అవన్నీ కలిసి సైఫన్‌ను తెంపుతాయి. అద్దానికి రంధ్రం కొట్టే వీలు లేని చోట, ఇంట్లో మనిషి కనిపెట్టుకుని ఉండే చోట దాన్ని వాడుకోవచ్చు. రాత్రిళ్లు తాళం వేసి వెళ్లే క్లినిక్‌లో, వేసవి గాలివానలకు కరెంటు పోతూ వస్తూ ఉండే ఊళ్లో వాడకూడదు. అందుకే ఏ ఓవర్‌ఫ్లోను చూసినా నేను ముందు అడిగేది, కరెంటు పోతే నీళ్లు ఎక్కడికి పోతాయి, తిరిగి వస్తే ఎవరూ ముట్టుకోకుండా దారి తనంతట తాను తెరుచుకుంటుందా అన్నది. గంటకు ఎన్ని లీటర్లు లాగుతుంది, ఎంత చప్పుడు చేస్తుంది అన్నవి ఆ తరువాతి మాటలు. ఈ కేసులో నిర్ణయాలన్నీ ఆ వరుసలోనే జరిగాయి.

నీళ్లు, చేపలు

ఫ్లోరైడ్ అనగానే నల్లగొండ గుర్తుకు వస్తుంది. పటిక, సున్నం కలిపి నీటిలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి నల్లగొండ టెక్నిక్ అన్న పేరే స్థిరపడింది. ఇప్పుడు పట్టణానికి పానగల్లు దగ్గరి ఉదయసముద్రం నుంచి కృష్ణా నీళ్లు అందుతున్నాయి. అయినా ఇళ్లలో, ఆసుపత్రుల్లో వాడకానికి బోరు మాత్రం పోలేదు. ఈ క్లినిక్ బోరు నీటిని కిట్‌తో పరీక్షిస్తే పీహెచ్ 8 దాటింది, కాఠిన్యం బాగా ఎక్కువగా ఉంది. గ్రానైట్ నేల లోతుల్లోంచి వచ్చే నీరు ఇక్కడ చాలాచోట్ల ఇలాగే ఉంటుంది.

డాక్టరమ్మ మొదట డిస్కస్ చేపలు అడిగారు. మెత్తటి, కాస్త ఆమ్లత్వం ఉన్న నీటికి అలవాటుపడిన చేపలవి. వాటి కోసం జీవితాంతం ఆర్‌ఓ నీళ్లు మోయడం కన్నా, ఉన్న నీటికి సరిపోయే చేపలను తెచ్చుకోవడం నయమని చెప్పాను. తూర్పు ఆఫ్రికాలోని మలావీ సరస్సు నీరు కూడా క్షారగుణం ఉన్నదే. అక్కడి రాళ్ల మధ్య బతికే ఎంబూనా సిక్లిడ్లు పసుపు, నీలం, నారింజ రంగుల్లో ఉంటాయి. పిల్లలు కళ్లార్పకుండా చూస్తారు. వాటినే ఎంచుకున్నాం. ఈ ఎంపికకూ ఓవర్‌ఫ్లోకూ సంబంధం ఉంది. ఎంబూనాలు ఒకదాన్నొకటి తరుముతుంటాయి కాబట్టి కాస్త కిక్కిరిసేలా పెంచుతాం. అప్పుడు ఏ ఒక్కటీ మిగతావాటి దెబ్బలకు బలికాదు. చేపలు ఎక్కువైతే వ్యర్థం ఎక్కువ, నీరు గంటకు నాలుగైదుసార్లయినా ఫిల్టర్ గుండా తిరగాలి. రాళ్లూ ఇసుకా పోగా ట్యాంకులో మిగిలే నీరు 700 లీటర్లు. అందుకని గంటకు 3500 లీటర్లు లక్ష్యంగా పెట్టుకున్నాం. పంపు డబ్బా మీద 6000 అని ఉంటుంది కానీ, ఐదడుగుల ఎత్తుకు ఎక్కి, నాలుగు ఎల్బోలు తిరిగేసరికి వచ్చేది అంత కాదు. పని పూర్తయ్యాక ఇరవై లీటర్ల రంగు డబ్బాను, పంపు నుంచి నీటిని ట్యాంకులోకి తెచ్చే రిటర్న్ పైపు కింద పెట్టి ఫోనులో సమయం చూశాం. 21 సెకన్లలో నిండింది. అంటే గంటకు 3400 పైచిలుకు. మన లెక్కకు అది చాలు.

అలుగు ఎంత పొడవుండాలి

అక్వేరియంలో ఓవర్‌ఫ్లో అంటే చెరువుకు అలుగు లాంటిదే. చెరువు నిండాక ఎంత వరద వచ్చినా నీటి మట్టాన్ని అలుగు నిలబెడుతుంది. అలుగు పొడవైతే దాని మీద నీరు పలచగా పారుతుంది, కురచైతే మందంగా దూకుతుంది. ఇంజనీర్లు అలుగులకు వాడే సూత్రం ఇక్కడా పనికొస్తుంది. సెకనుకు ఎన్ని ఘనపు మీటర్లు అన్నది 1.84ను అలుగు పొడవుతోనూ, పారే నీటి మందానికి ఒకటిన్నర ఘాతంతోనూ గుణిస్తే వస్తుంది. కొలతలు మీటర్లలో ఉండాలి.

మార్కెట్లో దొరికే ట్యాంకుల్లో ఎక్కువగా కనిపించేది మూల పెట్టె. దాని తెరిచిన అంచు 20 సెంటీమీటర్లు అనుకుందాం. గంటకు 3500 లీటర్లు దాని మీదుగా పోవాలంటే నీరు 19 మిల్లీమీటర్ల మందంతో పారాలి. చేపలు పోకుండా దువ్వెన పళ్లు పెడతాం కదా, వాటివల్ల తెరిచిన భాగం అరవై శాతానికి తగ్గితే మందం 27 మిల్లీమీటర్లకు పెరుగుతుంది. అదే ట్యాంకు చివరి గోడ పొడవునా 70 సెంటీమీటర్ల అలుగు పెడితే పళ్లతో కూడా 12 మిల్లీమీటర్లు దాటదు.

ఈ తేడా రెండుచోట్ల పనిచేస్తుంది. నీటిపై పేరుకునే తెట్టు, తలుపు తీసినప్పుడల్లా వచ్చే రోడ్డు దుమ్ము పలచటి పారకంతోనే బాగా లాగబడతాయి. మందంగా దూకే నీరు పైపొరతో పాటు దాని కింది నీటిని కూడా లాక్కుంటుంది. అంతకన్నా ముఖ్యమైనది కరెంటు పోయినప్పటి లెక్క. పంపు ఆగిన క్షణం నుంచి అలుగు మీద ఉన్న నీరంతా కిందికి దిగాలి. ఈ ట్యాంకు పైభాగం లోపలి కొలతలతో 1.33 చదరపు మీటర్లు. మూల పెట్టె అయితే 36 లీటర్లు, పొడవాటి అలుగు అయితే 16 లీటర్లు దిగుతాయి. కింది సంప్ ఆ మేరకు ఖాళీగా ఉండాలి.

కాబట్టి గోడవైపు చివర అద్దం లోపల, వెడల్పంతా ఆక్రమించేలా నల్ల అద్దంతో పది సెంటీమీటర్ల వెడల్పు, పదిహేను సెంటీమీటర్ల లోతున్న పెట్టె. దాని వెనక, ట్యాంకు బయట, మరో పెట్టె. రెండింటినీ కలుపుతూ చివరి అద్దంలో రెండు రంధ్రాలు. పైపులన్నీ బయటి పెట్టెలో. లోపలి నుంచి చూసేవాళ్లకు నల్లటి సన్నని గీత, దాని మీదుగా జారే నీరు మాత్రమే కనిపిస్తాయి.

అద్దం దుకాణం వాళ్లు అడుగు అద్దానికే రంధ్రాలు పెడదామని పట్టుబట్టారు. అలా చేస్తే పని తేలిక, గోడ దగ్గర జాగా కూడా కలిసొస్తుంది. నేను ఒప్పుకోలేదు. రంధ్రంలో పైపును బిగించే మర ముక్కను ట్యాంక్ నిపుల్ అంటారు. అడుగున ఉన్న నిపుల్ వాషరు ఏనాడైనా కారితే పైనున్న నీరంతా దాని మీద బరువు వేస్తూనే ఉంటుంది. పైన, నీటి మట్టానికి కాస్త దిగువన ఉన్న రంధ్రం కారితే ఆ రంధ్రం మట్టం వరకే నీరు పోతుంది, చేపలు బతుకుతాయి. దీనికోసం ట్యాంకును గోడకు ఎనిమిది అంగుళాల దూరం జరపాల్సి వచ్చింది. డాక్టరు గారు రిసెప్షన్ బల్లను అంతమేరకు కుదించారు.

మూడు పైపులు ఎందుకు

కిందికి దిగే పైపుల అమరికలో మూడు పద్ధతులు బాగా వాడుకలో ఉన్నాయి. డర్సో పద్ధతిలో ఒక్క పైపు, దాని తలలో చిన్న గాలి రంధ్రం. నీరూ గాలీ కలిసి దిగుతాయి కాబట్టి గుటగుట శబ్దం వస్తుంది. రంధ్రం సైజు సరిగ్గా కుదిరితే తగ్గుతుంది. కుదరకపోతే పెట్టె నిండి, ఒక్కసారిగా ఖాళీ అయి, మళ్లీ నిండి, అదే వరుసలో ఆడుతుంటుంది. కఠిన జలంలో ఆ చిన్న రంధ్రం చుట్టూ సున్నం పేరుకుంటుంది. ఇవాళ కుదిరిన సైజు రెండు నెలల తరువాత ఉండదు. పైగా ఆ ఒక్క పైపు మూసుకుపోతే ఇక వేరే దారి లేదు.

హెర్బీ పద్ధతిలో రెండు పైపులు. ఒకటి పూర్తిగా నీటితో నిండి సైఫన్‌గా దిగుతుంది, గేట్ వాల్వుతో దాన్ని సరిచేస్తాం. రెండోది ఖాళీగా, ఆపదకు ఉంటుంది. నిశ్శబ్దంగా ఉంటుంది కానీ సర్దుబాటు సున్నితం. పంపు కొద్దిగా మందగించినా, అలుగు పళ్లలో కొంచెం పాచి పట్టినా పెట్టెలో మట్టం పైకో కిందికో జరుగుతుంది.

బీన్ యానిమల్ పద్ధతిలో మూడు. సైఫన్ పైపు దాదాపు నీరంతా మోస్తుంది. రెండో పైపు మిగిలిన కాస్త నీటిని గోడ వెంట జారుస్తూ, పంపులోనూ పాచిలోనూ వచ్చే చిన్న చిన్న తేడాలను తనలో సర్దుకుంటుంది. దాని తలకు ఉన్న గాలి గొట్టం కొసను మామూలు నీటి మట్టానికి కాస్త పైన ఉంచుతాం. సైఫన్ పైపు మూసుకుపోయి మట్టం పెరిగితే ఆ కొస నీటిలో మునుగుతుంది, లోపలికి గాలి ఆగుతుంది, రెండో పైపు తానే సైఫన్‌గా మారి మొత్తం లాగేస్తుంది. అదీ చాలకపోతే ఇంకా పైన నోరు తెరుచుకుని ఉన్న మూడో పైపు అందుకుంటుంది.

ఇక్కడ మూడు పైపులే పెట్టాం. నాలుగడుగుల లోపు ట్యాంకుకు, ఇంట్లో ఎప్పుడూ మనుషులుంటే, హెర్బీ చాలని నా అభిప్రాయం. తాళం వేసే క్లినిక్‌లో మూడో పైపు ఖర్చును ఆలోచించే పని లేదు.

సైఫన్ పైపు అంగుళంపావు. అంగుళం పైపు కూడా అటూ ఇటూగా సరిపోతుంది కానీ, అప్పుడు వాల్వు పూర్తిగా తెరిచినా మిగులు ఉండదు. అంగుళంపావు పెట్టి వాల్వును కొంత మూసి ఉంచడం మేలు. రేపు పాచి పట్టినా తిప్పుకోవడానికి చోటుంటుంది. రెండోదీ అదే సైజు. మూడోది అంగుళంన్నర, ఎందుకంటే అది ఒక్కటే మిగిలిన రోజున మొత్తం అదే మోయాలి. దానికి వాల్వు పెట్టకూడదు, మూత పెట్టకూడదు.

వాల్వు విషయంలో కొంత తిరగాల్సి వచ్చింది. ప్రకాశం బజార్లో బాల్ వాల్వులు ఎన్నంటే అన్ని. గేట్ వాల్వు అడిగితే ఇత్తడివి చూపిస్తారు. బాల్ వాల్వు పిడి వెంట్రుకవాసి కదిలినా ప్రవాహం బాగా మారిపోతుంది, సైఫన్‌ను సరిచేయడానికి పనికిరాదు. ఇత్తడిలో రాగి ఉంటుంది, నీటిలో ఏళ్ల తరబడి మునిగి ఉండే చోట దాన్ని నేను వాడను. చివరకు సికింద్రాబాద్ రాణిగంజ్‌లో ప్లాస్టిక్ గేట్ వాల్వు దొరికింది. దానికి రెండు వైపులా యూనియన్లు పెట్టి బిగించాం, పైపు కోయకుండా విప్పి కడుక్కోవడానికి వీలుగా.

రంధ్రాలు, మట్టం

టఫెన్డ్ అద్దానికి రంధ్రం కొడితే మొత్తం పిండి అవుతుంది. అందుకే ఆర్డరు ఇచ్చేటప్పుడే మామూలు 12 మిల్లీమీటర్ల అద్దం అని రాయించాం. ట్యాంక్ నిపుల్ చేతికి వచ్చాకే రంధ్రం కొలత ఖరారు చేయాలి. ఒకే అంగుళంన్నర అని రాసి ఉన్నా కంపెనీని బట్టి మర బయటి కొలత మారుతుంది. రంధ్రం అంచుకూ అద్దం అంచుకూ మధ్య, అలాగే రెండు రంధ్రాల మధ్య, కనీసం రంధ్రం వ్యాసమంత ఎడం వదలాలి.

అద్దాన్ని ఇంకా అతికించకముందే, థర్మోకోల్ షీటు మీద పడుకోబెట్టి కొట్టాం. అడుగు వైపు టేపు అంటించాం, చివర్లో పెచ్చు లేవకుండా. రంధ్రం గుర్తు చుట్టూ కిటికీ అద్దాలకు వాడే పుట్టీతో చిన్న గట్టు కట్టి నీళ్లు పోశాం. వజ్రపు పొడి అంటిన గుండ్రటి బిట్టు మొదట అద్దం మీద జారిపోతుంది. ప్లైవుడ్ ముక్కకు అదే సైజు రంధ్రం చేసి దాన్ని అదిమి పట్టుకుంటే బిట్టు చోటు వదలదు. డ్రిల్లు నెమ్మదిగా తిరగాలి, చేతి బరువు వేయకూడదు. నీళ్లు పాల రంగుకు తిరిగి, చిక్కబడగానే స్పాంజితో పీల్చి కొత్త నీళ్లు పోయాలి. గరగర మోత సన్నబడి కీచుమంటే బిట్టు ఎండిపోతున్నట్టు. చివరి రెండు మిల్లీమీటర్లు బిట్టు బరువుతోనే దిగనివ్వాలి. అద్దాలు పగిలేది చాలావరకు ఆ చివర్లో తొందరపడినప్పుడే.

ట్యాంక్ నిపుల్ బిగించేటప్పుడు రబ్బరు వాషరు నీటి వైపు అంచు కింద ఉండాలి. చేత్తో గట్టిగా తిప్పి, ఆపైన పానాతో పావు చుట్టు. అంతకుమించి బిగిస్తే అద్దం ఓర్చుకోదు. వాషరు దగ్గర సిలికాన్ పూయలేదు. పూస్తే రేపు మార్చడం కష్టం.

సిలికాన్ ఆరడానికి వారం వదిలి స్టాండు మీద కూర్చోబెట్టాం. నీళ్లు, అద్దం, రాళ్లు, ఇసుక, స్టాండు, సంప్ అన్నీ కలిపితే టన్నున్నరకు దగ్గర పడుతుంది. కింది అంతస్తు, గట్టి పునాది మీద గ్రానైట్ పలకలు కాబట్టి బరువుకు బెంగ లేదు. బెంగంతా మట్టం గురించే. అలుగు మీద పారే నీరు 12 మిల్లీమీటర్లు. రెండున్నర అడుగుల వెడల్పులో ఒక వైపు నాలుగు మిల్లీమీటర్లు వంగినా నీరంతా ఆ వైపే దూకుతుంది, రెండో కొసలో తెట్టు నిలిచిపోతుంది. రసమట్టం బుడగను మాత్రమే నమ్ముకోలేదు. తాపీ మేస్త్రీలు గోడల మట్టం చూసే పారదర్శకమైన నీళ్ల గొట్టాన్ని తెప్పించి, రెండు కొసలూ అలుగు అంచులకు ఆనించి చూశాం. గోడవైపు ఎడమ మూల మూడు మిల్లీమీటర్లు కిందికి ఉంది. స్టాండు కాళ్ల కింద స్క్రూలు ఉండటంతో ట్యాంకు ఖాళీగా ఉండగానే సరిచేశాం. సగం నీళ్లు నింపి మళ్లీ చూశాం.

సంప్ లెక్క

కింది సంప్ నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు. నిండుగా 255 లీటర్లు పడుతుంది, సగమే నింపుతాం. పంపు ఆగితే పైనుంచి ఎంత దిగుతుంది? అలుగు మీది నీరు 16 లీటర్లు, రెండు పెట్టెల్లో నుంచి 12 దాకా, పైపుల్లో మూడు. ఇక్కడితో అయిపోతే బాగుండేది. చాలామంది వదిలేసేది రిటర్న్ పైపు సంగతి. పంపు ఆగగానే పైకి నీరు తోసిన అదే పైపు వెనక్కి సైఫన్ అవుతుంది, తన నోరు గాలికి తగిలేదాకా ట్యాంకు నీటిని కిందికి లాగుతుంది. నోరు నాలుగు సెంటీమీటర్ల లోతున ఉంటే యాభై లీటర్లకు పైగా దిగుతుంది. అందుకని నోటిని నీటి మట్టానికి ఒకటిన్నర సెంటీమీటరు దిగువనే ఆపి, పైపు పైభాగంలో నీటి అంచున చిన్న రంధ్రం చేశాం. అక్కడి నుంచి గాలి లోపలికి పోయి సైఫన్ తెగుతుంది. రంధ్రం మూసుకుపోయినా నోరే పైన ఉంది కాబట్టి దిగేది 20 లీటర్లు మించదు. నీటిని వెనక్కి పోనివ్వని నాన్ రిటర్న్ వాల్వు పెడితే సరిపోదా అని ప్లంబరు అడిగాడు. ఈ నీటికి దాని రెక్క మీద సున్నం పేరుకుని ఏడాదిలో సరిగ్గా మూయడం మానేస్తుంది. దాని మీద భరోసా పెట్టుకుని లెక్క వేయకూడదు. అంతా కలిపి యాభై లీటర్లు. సంప్‌లో ఖాళీ 125 లీటర్లు.

ఎదురు లెక్క కూడా వేయాలి, దీన్ని వేసేవాళ్లు తక్కువ. పైపులు మూడూ మూసుకుపోయాయనుకుందాం. సంప్ లోపల అడ్డుగోడలతో గదులు ఉంటాయి. పంపు తానున్న గదిలోని నీరంతా పైకి తోస్తుంది, ఆపైన తోయడానికి ఏమీ ఉండదు. ఆ గది ఎంత చిన్నదైతే ముంపు అంత తక్కువ. ఇక్కడ పంపు గదిలో పంపుకు అందే నీరు 16 లీటర్లు. అది మొత్తం పైకి వెళ్లినా ట్యాంకులో మట్టం 12 మిల్లీమీటర్లే పెరుగుతుంది. అంచు దాకా నాలుగు సెంటీమీటర్ల జాగా ఉంది. పాత ట్యాంకు సంప్‌కు లోపల గదులే లేవు. అందుకే మొత్తం నీరు హాలులోకి వచ్చింది.

గది చిన్నదైతే వేసవిలో ఇంకో చిక్కు. ఓవర్‌ఫ్లో ఉన్న ట్యాంకులో ఆవిరయ్యే నీరు పైన తగ్గదు, పంపు గదిలోనే తగ్గుతుంది. మే నెలలో నల్లగొండ ఎండకు రోజూ దాదాపు అరబకెట్ నీరు ఆవిరవుతుంది. రెండు రోజులు చూడకపోతే పంపు గాలి పీల్చి మోగుతుంది. కూలర్లకు వాడే ఫ్లోట్ వాల్వునే పంపు గదిలో బిగించి, దాన్ని పైకప్పు ట్యాంకుకు కాకుండా పక్కన ఎత్తులో పెట్టిన 25 లీటర్ల క్యానుకు కలిపాం. ఫ్లోట్ తెరుచుకుని ఇరుక్కుపోయినా 25 లీటర్లకు మించి రాదు, సంప్‌లో దానికీ చోటుంది. క్యానులో ఆర్‌ఓ నీళ్లు పోయిస్తున్నాం. ఆవిరైనది నీరు మాత్రమే, లవణాలు ట్యాంకులోనే ఉంటాయి. బోరు నీటితోనే నింపుతూ పోతే కాఠిన్యం నెలనెలా పెరుగుతుంది. వారం వారం నీళ్లు మార్చేటప్పుడు నల్లా నీళ్లు వాడితే మాత్రం క్లోరిన్ పోగొట్టాకే పోయాలి.

పరీక్ష

సైఫన్ పైపు కింది కొసను సంప్ నీటిలో ఒక అంగుళం మాత్రమే ముంచాం. ఎక్కువ లోతుకు ముంచితే పైపులో ఉన్న గాలి బయటికి నెట్టబడదు, కరెంటు వచ్చాక సైఫన్ మొదలవడానికి మొరాయిస్తుంది.

పంపు వేసి, గేట్ వాల్వు పూర్తిగా తెరిచి, గాలి అంతా పోయాక మెల్లగా మూస్తూ వచ్చాం. బయటి పెట్టెలో మట్టం పెరిగి, రెండు రంధ్రాలూ మునిగి, రెండో పైపులోకి సన్నటి ధార జారడం మొదలైన చోట ఆపాం. అప్పటిదాకా ఉన్న బుసబుస ఒక్కసారిగా మాయమైంది. రిసెప్షన్ బల్ల దగ్గర కూర్చుంటే ఫ్యాను చప్పుడు తప్ప వేరే వినపడలేదు.

తరువాత మెయిన్ ఆపేశాం. సంప్‌లో నీరు పెరిగి, మేము గీసుకున్న గీతకు రెండు వేళ్ల దిగువన ఆగింది. మళ్లీ వేశాం. పెట్టెలో మట్టం కొద్దిగా పెరిగింది, గాలి బుడగలు సంప్‌లో పొంగాయి, నిమిషం తిరక్కుండా సద్దుమణిగింది. పోయి వెంటనే వచ్చే కరెంటు అసలైన పరీక్ష, ఎందుకంటే పైపులో సగం గాలి, సగం నీరు ఉన్న సమయంలోనే పంపు మళ్లీ మొదలవుతుంది. స్విచ్చును వెంటవెంటనే వేసి తీసి అదీ చూశాం. ఆ తరువాత గేట్ వాల్వు మూసేశాం. రెండో పైపు గాలి గొట్టం మునిగింది, గుటక వేసినట్టు చప్పుడై మొత్తం లాగడం మొదలుపెట్టింది. దాని నోటికి గుడ్డ కుక్కాం. మూడోది అందుకుంది. చివరగా మూడింటినీ మూశాం. పంపు గది ఖాళీ అయింది, పైన మట్టం అంచుకు దిగువనే నిలిచింది. డాక్టరు గారు ఈ పరీక్ష జరుగుతున్నంతసేపు తువ్వాలు పట్టుకుని నిలబడ్డారు. వాడాల్సిన అవసరం రాలేదు.

పంపు డీసీ రకం. కొన్ని కంట్రోలర్లు కరెంటు వచ్చాక బటన్ నొక్కేదాకా కదలవు, అలాంటివి ఇక్కడ పనికిరావు. కొనేముందే దుకాణంలో ప్లగ్ పీకి పెట్టి చూడాలి. క్లినిక్ ఇన్వర్టర్ మీద పంపునూ గాలి పంపునూ పెట్టాం, లైట్లు పెట్టలేదు. లైను మొత్తానికి, కరెంటు లీకైతే వెంటనే సరఫరా తెంచే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉంది. నీళ్లున్న చోట అది తప్పనిసరి.

ఆ తరువాత

మొదటి రెండు మూడు రోజుల్లో పైపుల లోపల పాచి పొర పడుతుంది, మట్టం కాస్త జరుగుతుంది. వాల్వును పావు చుట్టు తెరిస్తే సరిపోయింది. తరువాత నెలలు గడిచేకొద్దీ అలుగు పళ్ల మీద తెల్లటి సున్నం కనిపించింది. నీరు తడిసి ఆరే సరిగ్గా ఆ గీత వెంటే పడుతుంది. వేలితో గీస్తే గరుకుగా తగులుతుంది. పళ్ల పట్టీని విడిగా తీసే విధంగా చేశాం కాబట్టి నిమ్మ ఉప్పు కలిపిన గోరువెచ్చని నీటిలో నానబెట్టి, పాత టూత్ బ్రష్‌తో రుద్ది, కడిగి పెడుతున్నారు. గాలి గొట్టం కొసకూ అదే వైద్యం. ఎంబూనా ఆడచేపలు గుడ్లను నోట్లోనే పొదుగుతాయి. వదిలిన పిల్లలు పళ్ల సందుల్లోంచి జారి సంప్‌లో చేరుతున్నాయి. మొదటి గదిలో స్పాంజి ఉండటంతో పంపు దాకా వెళ్లడం లేదు, అక్కడే పెరుగుతున్నాయి.

కొర్రమీను పెంచాలనుకునేవాళ్లు నన్ను తరచు అడుగుతుంటారు, మన రాష్ట్ర చేప కదా. వాటికి ఇలాంటి తెరిచిన అలుగు పనికిరాదు. అవి గాలి పీల్చడానికి పైకి వస్తాయి, ఎగురుతాయి, అలుగు దాటి పెట్టెలో పడతాయి. పెట్టెకూ ట్యాంకుకూ కదలని మూత ఉండాలి, మూతకూ నీటికీ మధ్య గాలి ఉండాలి.

ఈ క్లినిక్‌లో అటెండరుగా ఉన్న ఆమెకు మొదటి రోజే చెప్పి ఉంచాను, ట్యాంకు చప్పుడు మారితే ఏ వేళైనా ఫోన్ చేయమని. ఒక సాయంత్రం చేసింది. “సార్, నీళ్లు ఎప్పటిలా లేవు, జలజలమంటున్నాయి. కింద ఎక్కడా కారలేదు.” వెళ్లి చూస్తే సైఫన్ పైపు దాదాపు మూసుకుపోయి ఉంది, రెండో పైపు పని చేస్తోంది. యూనియన్లు విప్పి గేట్ వాల్వును బయటికి తీస్తే లోపల చాక్లెట్ కాగితం. ఎవరో పిల్లవాడు హాలు వైపు నుంచి పైన వేసి ఉంటాడు, మడతపడి పళ్ల సందులోంచి జారింది. వాల్వు కడిగి బిగించి, అలుగు పైన ట్యాంకు వెడల్పంతా అక్రిలిక్ పట్టీ మూత పెట్టించాం. పైపుల్లో ఏ చప్పుడు వినిపిస్తే ఏ వాల్వు ముట్టుకోవాలో, ఏది ముట్టుకోకూడదో రాసిన కాగితాన్ని లామినేట్ చేయించి స్టాండు తలుపు లోపల అంటించాం. దాని కింద ఆమె తన చేతిరాతతో పళ్లు కడిగిన తేదీలు వేస్తోంది.